హొసకోట దారిలో ఒక వైమానికుడి వీరగల్లు

పావగడ తాలూకాను చూసి రమ్మని ఎవరూ ఎవరికీ చెప్పరు. కొండలన్నీ బోడి రాళ్లు, చెరువులన్నీ నెర్రెలిచ్చిన మన్ను. నేనూ చూడటానికి వెళ్లలేదు. ఒక పాలరాతి పలకను మోసుకుని వెళ్లాను, దాన్నే మోసుకుని తిరిగి వచ్చాను. ఆ మధ్య జరిగింది మా సంఘంలో నోటితో చెప్పబోతే, ప్రార్థనకు వేళయిందన్నారు. అందుకని రాస్తున్నాను.

పలక మీద చెక్కిన పేరు దేవసహాయం. మా బోర్డింగు స్కూల్లో చదివాడు. అక్కడ పిల్లలకు వాక్యం చెప్పే పని నాది. హొసకోట దారిలోని ఒక హట్టిలో, అంటే గొర్రెల కాపరుల వాడలో, పుట్టాడు. తండ్రి ఈరన్న జబ్బు చేసి మా ఆసుపత్రికి వచ్చి, బతికి బయటపడి, భార్యతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. కొన్నేళ్లకు ఆయన పోయాడు. కొడుకును మేము చదివించాం. బెంగళూరు కాలేజీకి వెళ్లాడు, అక్కడినుంచి యుద్ధానికి వెళ్లాడు, యుద్ధ విమానం నడిపాడు. బర్మా మీద ఆకాశంలో అతని విమానాన్ని కొట్టారు. అడవిలో ఎక్కడో పడింది. దేహం దొరకలేదు.

చిన్నప్పుడు ఒకసారి, అగ్నిరథమెక్కి ఆకాశానికి వెళ్లిపోయిన ప్రవక్త సంగతి చెబుతుంటే చెయ్యెత్తాడు. "ఆ గుర్రాలు మళ్ళ కిందికి వచ్చినాయా అయ్యవారూ?" అని అడిగాడు. గొర్రెల కాపరి బిడ్డ కదా, మనిషికన్నా ముందు జీవాల గురించి ఆలోచించాడు. రాసి లేదని చెప్పాను. "అయితే యాడ మేస్తాండాయి?" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

యుద్ధం ముగిశాక మా సంఘంవారు, అతని తల్లి ఆరాధనకు వెళ్లే చిన్న మందిరంలో ఒక పలక పెట్టించాలని తీర్మానించారు. తీసుకెళ్లి గోడలో పెట్టించి రమ్మని నన్ను పంపారు.

బొగ్గు బస్సు

కళ్యాణదుర్గం మీదుగా దగ్గరి దారి ఉంది కానీ, యుద్ధంలో ఆగిన ఆ బస్సు ఇంకా కదల్లేదు. అందుకని రైల్లో హిందూపురం దిగి, అక్కడ పావగడ బస్సు ఎక్కాను. పెట్రోలు దొరకదు కనుక ఇప్పటికీ బొగ్గుతోనే నడుపుతున్నారు. బస్సు వెనక పీపాలాంటి పొయ్యి ఉంటుంది. బయలుదేరే ముందు క్లీనరు దాని పక్కన నిలబడి చక్రం తిప్పుతూ గాలి ఊదుతాడు. మనం లోపల కూర్చుని, పొగ మింగుతూ, అది ఎప్పుడు రాజుకుంటుందా అని చూస్తూ ఉంటాం. మిట్ట వచ్చిందంటే మగవాళ్లందరూ దిగి తొయ్యాలి. టిక్కెట్టుకు డబ్బిచ్చింది బస్సును తొయ్యడానికేనని మా వైపు వాళ్లకు ముందే తెలియడం మంచిది.

గోనెపట్టాలో చుట్టిన పలక నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఒక మిట్ట దగ్గర దిగి తోసి, మళ్లీ ఎక్కేసరికి చెనిక్కాయల, అదే వేరుశనక్కాయల, మూటతో ఒక పెద్దమ్మ దానిమీద కూర్చుని ఉంది.

"అమ్మా, లెయ్యి. అది పీట కాదు."

"మరేంది?"

"రాయి."

"రాయని కూసున్నాకే తెలిసినాది లేప్పా. మెత్తగా ఏమన్నా ఉండాదా!" అంటూ లేచింది. లేవడంలో కాలు తగిలి పలక ఒరిగి, సీటు ఇనుముకు కొట్టుకుని ఒక మూల చిట్లింది.

మైసూరు సరిహద్దు చౌకీలో బస్సు ఆపారు. ధాన్యం, చక్కెర, కిరసనాయిలు అటూ ఇటూ పోకుండా కాపలా. జవాను నా గోనెపట్టా పొడిచి చూశాడు. "ఇప్పు" అన్నాడు. విప్పాను. తెల్లటి రాయి బయటపడగానే అతని ముఖం మారింది.

"ఏందప్పా ఇది?"

చెప్పాను. విమానం, బర్మా, తల్లి.  అతడు తన తమ్ముడు కూడా పటాలంలో ఉన్నాడనీ, ఇంకా రాలేదనీ చెప్పాడు. తరవాత పలక మీద వేలు ఆనించి కళ్లకు అద్దుకున్నాడు. ఈ యాత్ర మొత్తంలో ఆ రాతికి అడక్కుండా దక్కిన మర్యాద అదొక్కటే. అప్పుడు నాకది అన్యాచారంలా తోచి, కొంచెం ఇబ్బంది కూడా పడ్డాను.

పావగడ, కొండ కింద

పావగడలో ఊరి మీద కొండ నిలబడి ఉంటుంది. పొద్దంతా అది కాగుతుంది, రాత్రి ఊరిని కాలుస్తుంది. ఒక కాఫీ హోటలు దగ్గర దిగాను. కాఫీ మా వైపుకన్నా చౌక, కాని చక్కెర కంట్రోలు కనుక బెల్లం వేస్తారు. ఇడ్లీకి చట్నీ చెనిక్కాయలదే, సాయంత్రం కారాలకు నూనె చెనిక్కాయలదే, హోటలాయన మాట్లాడే మాటలు కూడా చెనిక్కాయల ధర గురించే. ఇక్కడ బల్లమీద ఉమ్మడిగా చెంబు పెట్టరు. మనిషికొక లోటాలో నీళ్లు పోసి, తాగాక మనచేతే కడిగిస్తారు. మా వైపు కొందరిచేతే కడిగిస్తారు. ఇక్కడ అందరిచేతా కడిగించడం నాకు నచ్చింది.

ఊళ్లో యుద్ధనిధి పోగుచేసిన పెద్దలు కొందరు కలిసి విజయానికి గుర్తుగా ఒక రాయి నిలిపారని విన్నాను. చూడటానికి వెళ్లాను. నల్లరాయి, కన్నడ అక్షరాలు. ఈ తాలూకానుంచి యుద్ధానికి వెళ్లినవారు ఇంతమంది, మరణించినవారు ఇంతమంది అని, కింద చచ్చినవాళ్ల పేర్లు. మొదటినుంచి చివరిదాకా చదివాను, మళ్లీ చదివాను. దేవసహాయం లేడు.

హోటలాయన ఆ పెద్దల్లో ఒకడని తేలింది. వెనక్కి వచ్చి అడిగాను.

"విమానం నడిపిన పిల్లోడా? తెలుసప్పా. హట్టి పిల్లోడు," అన్నాడు.

"మరి రాతి మీద లేడే?"

"ఎట్లుంటాడు? ఆయప్ప బెంగళూర్లో పేరిచ్చినాడు. అది బెంగళూరోళ్ళ లెక్క."

"పుట్టింది ఇక్కడే కదండీ?"

"ఇది పుట్టినోళ్ళ రాయి కాదప్పా, పోయినోళ్ళ రాయి. ఈడినుంచి పోయినోళ్ళది. ఆయప్ప ఆడినుంచి పోయినాడు. పో, బెంగళూరోళ్ళ రాతిమింద చూసుకో."

పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ఒకాయన తల ఎత్తాడు. "మోడంలో సచ్చినోడు యా తాలూకా లెక్కకొస్తాడురా? మోడాలకు తాలూకాలుండాయా?" అన్నాడు. మోడమంటే ఇక్కడ మబ్బు. హోటలంతా నవ్వింది. హోటలాయన కూడా నవ్వుతూ, "అయ్యవారికి ఇంగో కాఫీ ఎయ్యప్పా, లెక్క నాది," అన్నాడు. బెల్లం కాఫీయే అయినా, చేదుగా గొంతు దిగింది.

మందిరం ఉన్న పల్లె

మరుసటి రోజు హొసకోట బస్సెక్కి దారిలో ఒక పల్లెలో దిగాను. ప్రార్థన మందిరం అక్కడే ఉంది. నాలుగు గోడలు, పైన పెంకు, తలుపుకు పెద్ద తాళం. తాళంచెవి సంఘపెద్ద జ్ఞానప్రకాశంగారి మొలతాడుకు వేలాడుతుంది. మందిరం ఆయన ఇచ్చిన స్థలంలోనే కట్టారు. ఆ మాట ఆయన నాతో కాళ్లు కడుక్కునేటప్పుడు ఒకసారి, భోజనంలో ఒకసారి చెప్పాడు.

మంచి భోజనం పెట్టారు. అబద్ధం ఆడను. వేడి సంగటి ముద్ద, ఉలవచారు, ఊరుబిండి పచ్చడి, నా కోసమని కొంచెం వరి అన్నం. మా వైపు ముద్దను నమిలి తింటే ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ నమిలితే పిల్లలు కూడా నవ్వుతారు. చారులో ముంచి నేరుగా మింగాలి.

పలక విప్పి చూపించాను. ఆయన మొట్టమొదట చూసింది చిట్లిన మూలనే.

"మూల పోయినాదే."

"బస్సులో తగిలిందండీ."

"సున్నంతో కప్పేయొచ్చులే. ఆ కత అట్లుండనీ. ముందు మీకొక సంగతి చెప్పల్ల అయ్యవారూ. మరియమ్మ తప్పుదోవ పట్టినాది."

మరియమ్మ దేవసహాయం తల్లి. ఆమె కథ ఆయన నోటివెంట ఇలా వచ్చింది. కొడుకు చనిపోయాడని తంతి వచ్చాక, మన సమాధుల తోటలో వాడికి జానెడు చోటు ఇవ్వమని ఆమె అడిగింది. మన్ను కుప్ప పోసి ఒక సిలువ పాతుకుంటానంది. ఈయన ఒప్పుకోలేదు. ఆమె నేరుగా భర్త అన్న దగ్గరికి పోయింది. హట్టిలో వాళ్లింకా పాత దేవుళ్లనే కొలుస్తారు. హట్టి బయట వాళ్ల వీరగల్లులు ఉన్నాయి. పూర్వం మందను కాపాడబోయి దొంగలచేతిలోనో చిరుతచేతిలోనో చచ్చిన వాళ్లకు నిలిపిన రాళ్లు. గొర్రె ఈనితే తొలి పాలు పిల్ల తాగాక, ఇంట్లోవాళ్లు ముట్టకముందు, ఆ రాళ్లకు పోస్తారు. ఆ వరసలో తన కొడుక్కీ ఒక రాయి చెక్కిస్తోంది మరియమ్మ.

"మీరే చెప్పండి. ఒక చేత్తో రొట్టె ద్రాక్షరసం, ఇంగో చేత్తో రాతికి పాలు. ఇది మన సంగంలో ఒప్పుతాదా?"

"ముందు మీరు సమాధికి చోటెందుకు ఇవ్వలేదు?"

"శవం లేకుండా సమాధి యాడన్నా ఉండాదా అయ్యవారూ? ఖాళీ గుంతకు ఏమని ప్రార్థన చేసేది?"

"మన విశ్వాసమంతా ఒక ఖాళీ సమాధి దగ్గరే కదండీ మొదలైంది?"

 "అది వేరప్పా," అని, నా ఆకులో ఇంకో గరిటె ఉలవచారు పోశాడు.

ఆయన తీర్పు చివరికి ఇది. మరియమ్మ ఆ రాయిని పీకి పారేస్తే వచ్చే ఆదివారమే పలక గోడలో పెడతారు, పేరు సంఘమంతా నిలబడి వింటుంది. లేదంటే పలకా లేదు, ఆమెకు ప్రభువు బల్లలో, ఆ రొట్టె ద్రాక్షరసాల్లో, చోటూ లేదు. ఆ మాట ఆమెతో చెప్పి ఒప్పించే భారం నా మీద పెట్టాడు. "మీ మాటంటే ఇంటాది. కొడుకును సదివిచ్చినోళ్ళు," అన్నాడు.

హట్టి

హట్టి చుట్టూ ముళ్లకంచె. లోపలికి అడుగు పెట్టబోతుంటే ఒక ముసలాయన కేకేశాడు.

"ఓ సామీ! చెప్పులు ఆడ ఇడువు. హట్టిలోకి చెప్పులతో రాకూడదు."

విడిచాను. మా మందిరం గుమ్మంలో మేమూ విడుస్తాం. వీళ్లు ఊరినంతటినీ అలా చూసుకుంటారు. ఇసుక కాలుతోంది. నేను గెంతుతుంటే ఆయన బోసినోటితో నవ్వాడు. ఆయనే సిద్దప్ప, దేవసహాయం పెద్దనాయన.

మరియమ్మను అడిగితే ఎవరికీ తెలియలేదు. "లింగక్కనా? ఆడ రాళ్ళకాడ ఉండాది," అన్నారు. బాప్తిస్మమై ఎన్నేళ్లయినా ఇక్కడామె లింగక్కే. నన్ను చూడగానే కొంగు నిండా తల కప్పుకుని, "ప్రభువు పేరట వందనాలు అయ్యవారూ," అంది. సిద్దప్ప పక్కకు తిరిగి, "ఇంగ్లీషు దండం పెట్టినాది," అని గొణిగాడు.

గొర్రెలు పోయే బాట పక్కన వీరగల్లులు వరసగా ఉన్నాయి. వానకు ఎండకు అరిగిపోయి, ఏళ్ల తరబడి పాలూ నూనే తాగి నల్లబడిన రాళ్లు. ప్రతిదాంట్లో మూడు అరలు. కింది అరలో వీరుడు కొట్లాడుతుంటాడు. నడిమి అరలో ఇద్దరు దేవకన్యలు అతన్ని చెరో రెక్క పట్టి పైకి తీసుకుపోతుంటారు. పై అరలో అతడు దేవుడి సన్నిధిలో కూర్చుని ఉంటాడు. పక్కన లింగం.

చివర కొత్త రాయి. దానిముందు రాళ్లు చెక్కే కాసెపని తిమ్మన్న ఉలి పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. కింది అరలో రెక్కలున్న చేపలాంటిది ఒకటి చెక్కాడు.

"ఇదేంది?" అన్నాను.

"ఇమానము. ఇంగేంది?" అన్నాడు కోపంగా. "మన మింద ఒకేఒక తూరి పోయినాది యుద్దంలో. నాకు చేప మాదిరే కనపడినాది. లింగక్క ఫోటో చూపిచ్చినాది గానీ, దాంట్లో పిల్లోడు ముందర నిలబడి సగం మూసేసినాడు."

"బాగానే ఉంది," అన్నాను.

"ఏం బాగు! నా తల తిరిగిపోతాండాది సామీ. ఈ రాళ్ళల్లో అందరూ కింద కొట్లాడి పైకి పోయినోళ్ళు. ఈయప్ప కొట్లాడిందే పైన. సచ్చి కిందికి పన్నాడు. మళ్ళ పైకి పోవల్ల. ఇన్నితూర్లు పైకీ కిందికీ తిప్పితే రాయి యాడ చాలుతాదప్పా? రాయి పొడుగు చూసి బేరం చేసుకున్యా, కత పొడుగు చూసి కాదు."

సిద్దప్ప పెద్దగా నవ్వాడు. మరియమ్మ కూడా నవ్వింది. చాలా రోజులకు నవ్విందేమో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నడిమి అరలో ఆడవాళ్లిద్దరికీ రెక్కలున్నాయి. "వాళ్ళు దేవదూతలు అయ్యవారూ. రెక్కలు పెట్టమంటే పెట్టినాడు," అంది మరియమ్మ.

పై అర ఖాళీగా ఉంది. నున్నగా చదును చేసి వదిలేశారు.

అక్కడే ఉంది తగువంతా. సిద్దప్ప లింగం చెక్కమంటాడు. ఆమె వద్దంటుంది. నేను వచ్చేసరికి అది ఎన్నాళ్లనుంచో నడుస్తోంది.

"దేవుడు లేనిది వీరగల్లు కాదు, గడపరాయి," అన్నాడు సిద్దప్ప. "పాలు ఎవురికి పోసేది? చేపకా?"

"నా కొడుకు నమ్మిన దేవుడు అది కాదు బావా. సచ్చినాక వాని మతం మార్చద్దు."

"అయితే మీ దేవున్నే చెక్కిచ్చు. నేనొద్దన్నానా? అయ్యవారూ, మీ దేవుడెట్లుంటాడో చెప్పు. తిమ్మడు చెక్కుతాడు."

"మా దేవుడికి రూపం లేదు," అన్నాను.

"అయితే చెక్కినట్టే లెక్క," అన్నాడు తిమ్మన్న, ఉలి కింద పెట్టేస్తూ.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. జ్ఞానప్రకాశంగారి మాటలు ఒక్కటీ మార్చకుండా చెప్పాను. రాయి పీకేస్తే గోడలో పలక, పీకకపోతే ప్రభువు బల్ల కూడా లేదు. చెబుతుంటే నా నోరు నాకే పరాయిదైనట్టుంది.

మరియమ్మ గోనెపట్టా విప్పి పలకను తడిమింది. చదవడం రాదు. అక్షరాల గాట్లలో వేలు పెట్టి మెల్లగా ఈ చివరినుంచి ఆ చివరికి పోనిచ్చింది.

"తెల్లగా బాగుండాది. కానీ అయ్యవారూ, ఆ మందిరానికి ఆరు దినాలు తాళం. ఈ బాటలో దినామూ గొర్రెలు పోతాయి. తోలుకొనిపోయేవాళ్ళు చూసి, ఈరన్న కొడుకురా అంటారు. వాడు ఈ బాటలో పెరిగినోడు. వాని మన్ను యాడుండాదో నాకు తెలీదు. వాని పేరన్నా పదిమంది కాళ్ళు తిరిగేచోట ఉండద్దా?"

"ప్రభువు బల్ల?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "అదే నా ఏడుపు. దాన్ని నేనిడవలేదు. వాళ్ళు నన్నిడిపిస్తాండారు."

 కొడుకు చచ్చిన రాజు ఒకడు గుమ్మం మీది గదికెక్కి, నీకు బదులు నేను చచ్చినా బాగుండేదని ఏడ్చిన అధ్యాయం ఎన్నోసార్లు బోధించాను. ఆ రాజుకు ఎవరూ షరతు పెట్టలేదు. సేనాపతి వచ్చి గద్దించాడు గానీ, ఏడవడానికి చోటైతే మిగిలింది.

తొలి పాలు

మర్నాడు పొద్దున్నే సిద్దప్ప మందలో ఒక గొర్రె ఈనింది. పిల్ల తాగాక మిగిలిన పాలు ఇత్తడి చెంబులో పట్టుకుని వచ్చాడు. హట్టి మగవాళ్లు వెంట వచ్చారు. జ్ఞానప్రకాశంగారు కూడా వచ్చారు, రాయి పీకారో లేదో చూసిపోదామని. దూరంగా బాట అవతల గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఇటు రాలేదు.

పాత రాళ్లన్నిటికీ పాలు పోసి, సిద్దప్ప కొత్త రాయి ముందు ఆగాడు. చెంబు వంచలేదు. నా వైపు తిరిగాడు.

"అయ్యవారూ, మీ దేవుడు పేరు పెట్టి పిలిస్తే వస్తాడా?"

"వస్తాడు."

"ఈడికి వస్తాడా? ఈ రాళ్ళ మద్దెకి?"

"ఎక్కడికైనా వస్తాడు."

"నిజంగానా? గొడుగయ్య రానంటాండాడే."

ఎవరో కిసుక్కున నవ్వారు. సిద్దప్ప నవ్వలేదు.

"అయితే పిల్చప్పా. ఆ ఖాళీలోకి పిల్చు. వచ్చినాడని నువ్వంటే నేను పాలు పోస్తా. లింగం అడగను."

బాట అవతల గొడుగు కదలకుండా ఉంది. ఇక్కడ మరియమ్మ నా ముఖం చూస్తోంది. నా జీవితంలో నేను చేసిన ప్రార్థనలన్నీ గోడల మధ్య చేసినవే. ఖాళీ అర మీద చెయ్యి ఆనించాను. రాయి అప్పటికే వేడెక్కింది. ఎంత ఎత్తుకెగిరినా, ఎంత లోతుకు పడినా, సముద్రం ఆవలి అంచుకు పోయినా నీ చేతిలోనే ఉంటామని మేము నమ్ముతున్నాం ప్రభువా, అన్నాను. ఈ తల్లి కొడుకు ఎగిరాడు, పడ్డాడు, సముద్రం ఆవలే పడ్డాడు, కనుక వాడు నీ దగ్గరుండాలి, లేకపోతే మేము బోధించేది అబద్ధం, అన్నాను. అంత కటువుగా నేనెప్పుడూ ప్రార్థించలేదు. మరియమ్మ గట్టిగా ఆమేన్ అంది.

"వచ్చినాడా?" అన్నాడు సిద్దప్ప.

"వచ్చాడు."

ఆయన చెంబు వంచాడు. పాలు ఖాళీ అరలో చిక్కగా పారి, నేనింకా తియ్యని చేతిమీదుగా దేవదూతల మీదికి, అక్కడినుంచి విమానం మీదికి దిగాయి. "మా పిల్లోడు," అన్నాడు సిద్దప్ప. హట్టివాళ్లు ఒక్కొక్కరే వచ్చి రాతిని తాకి కళ్లకద్దుకున్నారు. చౌకీ జవాను చేసినట్టే. ఈసారి నాకు ఇబ్బంది కలగలేదు.

బాట దాటి వెళ్లేసరికి జ్ఞానప్రకాశంగారు గొడుగు ముడుస్తున్నారు.

"మిమ్మల్ని పంపింది ఆ రాయి పీకిచ్చేదానికి," అన్నారు.

"ప్రార్థన చేశాను. అంతకంటే ఏమీ చెయ్యలేదు."

"చేయి పెట్టినారు. పాలు మీ చేతిమింద పడినాయి. నా కండ్లతో చూసినా." నా వెనక నిలబడ్డ మరియమ్మతో ఒక్క మాట కూడా అనలేదు. నాతోనే అన్నారు, ఆమె వినేలా. "ఆమెకు ఇంగ మందిరంలో పని లేదు. ఆ పలక మీరు తీసుకపోండి."

కోపం కూడా చూపలేదు. దారిలో తినమని ఇంటినుంచి సంగటి ముద్ద, ఊరుబిండి మూటకట్టి పంపారు. అది తిన్నాను. ఆకలేసింది.

బయలుదేరేముందు పలక మరియమ్మ ఇంట్లో ఉంచుకోమన్నాను.

"గుడి గోడకని చేసినది. నా ఇంట్లో దానిమింద ఏం చేసేది, కారం నూరేదా?" అంది. తరవాత గొంతు తగ్గించి, "మీ ఊరి గుళ్ళో పెట్టండయ్యవారూ. వాడు సదివిన చోటు. ఆడ మీరుండారు. ఎవురన్నా వచ్చి చదివితే నా కొడుకు పేరు దేవుని ఇంట్లో పలికినట్టే గదా. నేను బయటుంటే ఉండనీ, వాడు లోపలుండనీ," అంది.

పెడతామని మాటిచ్చాను.

తిరిగి వచ్చాక

బస్సు, పొగ, చౌకీ. ఈసారి వేరే జవాను. పలకను చూసి, "వాపసా?" అన్నాడు.

నేను రాకముందే జ్ఞానప్రకాశంగారి కబురు మా పెద్దలకు అందింది. నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. వీరగల్లు ముందు ప్రార్థించినవాడు కొన్నాళ్లు వాక్యం చెప్పకుండా ఉంటే సంఘానికి మంచిదన్నారు. పలక సంగతి అడిగాను. అన్యాచారంతో ముడిపడిన పేరు మందిరంలో ఎందుకన్నారు. మంచి పాలరాయి వృథా ఎందుకని కూడా అన్నారు. మందిరానికి కొత్త గంట ఇచ్చిన దొరగారి పేరు రాయించాల్సి ఉంది. పలకను తిరగేసి, వెనకవైపు ఆ పేరు చెక్కించి గోడలో పెట్టారు. చిట్లిన మూలను సున్నంతో కప్పారు. దేవసహాయం పేరు లోపలే ఉంది. గోడను చూస్తూ ఉంది.

మొన్న సిద్దప్ప వచ్చాడు. మా ఊరి సంతకు గొర్రెలు తోలుకొచ్చాడట. దారిలో ఆ పొద్దునే ఒకటి ఈనిందని చెంబులో జున్నుపాలు తెచ్చాడు.

"లింగక్క అడగమన్యాది. పెట్టినారా రాయి?"

"పెట్టారు."

"చూపిచ్చు. చూసినానని చెప్పల్ల ఆమెకి."

తీసుకెళ్లాను. గుమ్మంలో ఇద్దరం చెప్పులు విడిచాం. మధ్యాహ్నం, లోపల ఎవరూ లేరు. ఆయనకు చదువు రాదు. తెల్లటి పలక ముందు నిలబడి, అక్షరాల మీద వేలు పోనిచ్చి కళ్లకద్దుకున్నాడు. "మా పిల్లోడు," అన్నాడు. అవి గంట ఇచ్చిన దొరగారి అక్షరాలు.

ఊరుకుంటే ఆయన సంతోషంగా వెళ్లేవాడు. ఊరుకోలేకపోయాను. "అది వాడి పేరు కాదు సిద్దప్పా. వాడి పేరు ఈ రాతికి అటు పక్క, గోడవైపు ఉంది," అన్నాను.

ఆయన పలకను చూశాడు, నన్ను చూశాడు. తిట్టలేదు. కిటికీనుంచి పలక దాకా ఎంత దూరమో జానలతో కొలిచి, చెంబు తీసుకుని బయటికి నడిచాడు. మందిరం చుట్టూ తిరిగి వెనకవైపుకు వచ్చి, అదే కిటికీనుంచి అన్నే జానలు కొలిచి, బయటి గోడమీద అదే చోట చెయ్యి పెట్టాడు.

"ఈడనా?"

"అక్కడే."

"మీ దేవుడు ఈ పక్కకు వస్తాడా?"

వస్తాడన్నాను. ఆయన చెంబు వంచాడు.

ఆ తరవాతి ఆదివారం లోపల కొత్త గంట మోగింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ప్రార్థన మధ్యలో లేచి బయటికి వచ్చి చూశాను. సున్నపు గోడమీద పాలు పసుపు చారగా ఎండిపోయాయి. చీమలు నేలనుంచి బారు కట్టి, వాడి పేరున్న చోటిదాకా ఎక్కుతున్నాయి.